గాజు పళ్ళేల్లో చుక్కలు

పొద్దున్నే బేకరీ తలుపులు తెరిచే వేళకి తుడుపక్క పనికి బయల్దేరుతుంది. ఆ బేకరీ ఆమె మొగుడిదే. ఇంటి ముందు గదే బేకరీ. అయినా ఆమె దాంట్లోంచి ఎప్పుడూ బయటికి రాదు. వెనక గుమ్మంలోంచి సందులోకి దిగి, చుట్టూ తిరిగి, వీధికి అవతలి పక్కగా నడిచి వెళ్తుంది. పోతూ పోతూ మొగుడి వైపు చెయ్యి ఊపుతుంది. ఆయన పిండి చేతులతోనే తిరిగి ఊపుతాడు. ఆమెకీ ఆ పిండికీ మధ్య వీధి వెడల్పు ఉండాల్సిందే. లేకపోతే ఆ రోజు పిండి పులవదు.

తుడుపక్క చేతికి ఆ గుణం పుట్టుకతో వచ్చింది. కంటికి కనిపించనంత చిన్న ప్రాణి ఏదైనా సరే, ఆమె చెయ్యి పడితే బతకదు. ఆమె ముట్టుకున్న పాలు విరగవు. ఆమె తీసి పెట్టిన రొట్టెకి బూజు పట్టదు. వీధిలో పిల్లలు ఆటల్లో మోకాళ్ళు చెక్కుకుంటే తల్లులు ఆమె దగ్గరికే లాక్కొచ్చి, "ఒక్కసారి చెయ్యి వేసి పంపమ్మా" అంటారు. ఇక ఆ పుండుకి చీము పట్టడమన్నది ఉండదు. పెళ్ళికి ముందు ఒకనాడు ఆమె రొట్టె కొనడానికొచ్చి, మాటల్లో పడి, పిండి తొట్టి అంచు మీద చెయ్యి ఆనించింది. ఆ రోజు రొట్టెలన్నీ పలకల్లా వచ్చాయి. వీధి వీధంతా తిట్టుకుంటూ తిన్నది. రొట్టెలాయన మాత్రం మర్నాడే ఆమె ఇల్లెక్కడో కనుక్కుని వెళ్ళి పెళ్ళి మాట ఎత్తాడు.

"నా కొంప ముంచడానికే దీన్ని చేసుకున్నాడు" అని అత్తగారు ఇప్పటికీ అంటుంది. అనడం అయిపోయాక కోడలికి వేడి రొట్టె కోసి పెడుతుంది.

ఆమె పనిచేసేది ఊరి చివర తెల్లగోడల భవనంలో. అక్కడ ఒక యంత్రాన్ని తయారు చేస్తున్నారు. వేరే గ్రహం మీద దిగి, అక్కడి నేల తవ్వి, ప్రాణమున్న ఆనవాలు ఏదైనా ఉందేమో వెతకడం దాని పని. దానికి చక్రాలున్నాయి, ముందు వైపు అడ్డంగా ఒక ఇనప కమ్మీ ఉంది, ఆ కమ్మీ అవతల మడిచి పెట్టిన పొడవాటి చెయ్యి, చేతి చివర నేల తవ్వే బరమా. దాని దగ్గరికి పోవాలంటే తల నుంచి కాలి దాకా తెల్ల సూటు తొడుక్కుని, నోటికి ముసుగు, కళ్ళకి అద్దాలు, చేతులకి ఒకదాని మీద ఒకటి తొడుగులు వేసుకుని, గాలి గదిలో నిలబడి దుమ్ము దులిపించుకోవాలి. బోల్టులు బిగించే ఒకాయన ఎప్పుడో ఒకసారి ముసుగులోనే తుమ్మాడు. ఆ పాపానికి ఇవాళ్టికీ ఆయన పేరు తుమ్ములాయనే.

"మన మీది సూక్ష్మజీవి ఒక్కటి దీన్ని అంటుకుని పోయిందనుకోండి" అంటాడు అక్కడ అందరికీ పైవాడైన పెద్దసారు, కొత్తగా చేరిన ప్రతివాళ్ళతో. "అక్కడ నేల తవ్వి, మన ఎంగిలిని మనమే చూసుకుని, ప్రాణం దొరికిందని ఇక్కడ గంతులేస్తాం. తర్వాత నిజం తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి?"

అందుకే తుడవడం. స్పిరిట్లో ముంచిన గుడ్డతో తుడుపక్క యంత్రమంతా తుడుస్తుంది. ఎన్ని తొడుగులున్నా ఆమె చేతి గుణం వాటిలోంచి దిగుతుంది. ఆమె తుడిచాక పళ్ళేలావిడ వస్తుంది. యంత్రం మీద చోటు చోటునా తడి దూది పుల్ల రాసి, దాన్ని మూతలున్న చిన్న గాజు పళ్ళేల్లో, జెల్లీలాంటి మేత మీద తిప్పి, వెచ్చటి బీరువాలో పెడుతుంది. సూక్ష్మజీవి ఏదైనా ఉంటే మర్నాటి తర్వాతి రోజుకి చుక్కలా పెరిగి కనబడుతుంది. బీరువాలోంచి తీసిన పళ్ళేల్ని ఆవిడ ఒక పొడవాటి బల్ల మీద యంత్రం ఆకారంలోనే పరుస్తుంది. చక్రాల మీద తీసినవి చక్రాలుండే చోట, బరమా మీద తీసినవి బరమా ఉండే చోట. అప్పుడు లోపం ఎక్కడుందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. తుడుపక్క వచ్చిన దగ్గర్నుంచీ ఏ పళ్ళెంలోనూ చుక్కన్నది లేదు. "హస్తవాసి అంటే నీదమ్మా" అని పళ్ళేలావిడ మెచ్చుకునేది. చూసీ చూసీ అక్కడందరికీ ఒక ధీమా వచ్చేసింది. ఆమె తుడిచిందంటే ఇక శుభ్రమే.

ఇదంతా బాగానే ఉండేది, ఆమెకి నెల తప్పేదాకా.

నెల తప్పడం ఇది మొదటిసారి కాదు. క్రితంసారి తెలిసిన రోజున ఆనందం పట్టలేక, రోజంతా పొట్ట నిమురుకుంటూ కూర్చుంది. కొద్ది రోజులకే అది నిలవకుండా పోయింది. మొదటిది ఇలా పోవడం చాలామందికి జరిగేదేనని డాక్టరమ్మ ఓదార్చింది. తుడుపక్క తల ఊపింది గానీ, ఆ రోజే ఆమె మనసులో ఒక ఆలోచన దూరింది. కంటికి కనిపించనంత చిన్న ప్రాణి ఏదీ తన చేతి కింద బతకదు. బిడ్డ కూడా మొదట్లో కంటికి కనిపించనంత చిన్నదే కదా. ఆ తర్వాత ఎవరేం చెప్పినా ఆ ఆలోచన బయటికి పోలేదు.

ఈసారి ఆమె తన పొట్టని తాను ముట్టుకోనేలేదు. స్నానం చేసేటప్పుడు అక్కడ నీళ్ళు పోసుకుని ఊరుకునేది. నడుం దగ్గర బట్ట ముడి అత్తగారే వేసేది. నిద్రలో చెయ్యి ఎక్కడ పడుతుందోనని రెండు చేతులూ తల మీదికి చాపి మంచం కోడుకి కట్టెయ్యమని మొగుణ్ణి పోరేది. రొట్టెలాయన పాత తువ్వాలుతో వదులుగా కట్టేవాడు.

"ఇంకా గట్టిగా కట్టండి."

"నొప్పెడుతుందే."

"పెట్టనీండి. మీ ముడి ఊడితే నా గతేం కాను?"

పొద్దున లేచేసరికి చేతులు మొద్దుబారి వేళ్ళు వంగేవి కావు. రాత్రంతా అవి అక్కడే ఉన్నాయన్న ధైర్యం మాత్రం దక్కేది. ఆ ధైర్యం పళ్ళు తోముకునేసరికి అయిపోయేది.

మూడో నెల నడుస్తుండగా యంత్రానికి చివరి తుడుపు వచ్చింది. అది అయ్యాక పైన మూత బిగించేస్తారు. ఆ గ్రహం మనకి దగ్గరగా వచ్చే అదను దాటితే మళ్ళీ ఏళ్ళ తరబడి ఆగాలి. అప్పటికి పెద్దసారుకి ఉద్యోగం ఉండదు. అందుకని ఆ రోజు ఆయన గాజు గోడ అవతల కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తుడుపక్క నిప్పులు కడిగినంత జాగ్రత్తగా ప్రతి మూలా తుడిచింది. బరమా వెనకాల ఒక బోల్టు ఉంది. అది అందలేదు. తుడవకుండా వదలడానికి మనసొప్పలేదు. ముందున్న కమ్మీ మీదికి వాలి, మునివేళ్ళ మీద లేచి, చెయ్యి చాపి తుడిచింది. పళ్ళేలావిడ పుల్లలు రాసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం స్కానింగు. డాక్టరమ్మ పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి, పరికరం అటూ ఇటూ కదిపింది. స్పీకరు గరగరమంది. గరగర తప్ప ఇంకేమీ లేదు. డాక్టరమ్మ ఒక పక్కకి జరిపి చూసింది, ఇంకో పక్కకి జరిపి చూసింది. తుడుపక్క చేతులు రెండూ తల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి పడుకుంది. డాక్టరమ్మ మొహం చూడకూడదనుకుంటూనే చూసింది.

"ఈపాటికి గుండె చప్పుడు వినబడాలమ్మా" అంది డాక్టరమ్మ మెల్లగా. "వినబడటం లేదు. లోపల అలాగే ఉంచితే నీకే ప్రమాదం. రేపు మధ్యాహ్నం ఏమీ తినకుండా రా. శుభ్రం చేసేద్దాం."

ఆ మాట ఆమె రోజూ వాడే మాటే. ఇవాళ అది విని, పొట్ట మీది జెల్లీ తుడుచుకోకుండానే లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. తన చేతుల్ని తానే చూసుకుంది. నిద్రలో ముడి ఊడిందా? ఎప్పుడైనా మరిచిపోయి తాకిందా? ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం ఇంకా భయంగా ఉంది. రొట్టెలాయన పక్కన కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

మర్నాడు పొద్దెక్కాక ఆమె పనికి బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇవాళ కూడానా? మనిషివా, మరమనిషివా?"

"ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది అత్తయ్యా. మధ్యాహ్నానికి నేరుగా ఆస్పత్రికొచ్చేస్తాను. మీరు బట్టలు తీసుకుని వచ్చెయ్యండి."

అత్తగారు పక్కకి తప్పుకుంది. తిట్టకుండా తప్పుకుంది. దాంతో తుడుపక్కకి ఏడుపు ఆగలేదు.

ఆమె వెళ్ళేసరికి తెల్లగోడల భవనంలో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. పళ్ళేలావిడ బల్ల దగ్గర నిలబడి, చేతిలో ఉన్న పళ్ళేన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని ఉంది. దాన్నిండా చుక్కలు. తెల్లవి, పసుపువి, అంచుల దాకా పాకినవి.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయి" అంది ఆవిడ. "నా సర్వీసులో ఇంత బలంగా పెరిగినవి చూళ్ళేదు."

పెద్దసారు మొహంలో నెత్తురు చుక్క లేదు. గాలి జల్లెళ్ళు చూడమన్నాడు, సూట్లు చింపి చూడమన్నాడు. స్పిరిట్ సీసాలు మార్చమన్నాడు. చివరికి చూపు తుమ్ములాయన మీద ఆగింది. అందరి చూపులూ అక్కడే ఆగాయి.

"నేను తుమ్మలేదు సార్, పిల్లల మీద ఒట్టు" అన్నాడు ఆయన. "జలుబు కూడా లేదు నాకు. కావాలంటే ముక్కు చూడండి."

"నీ ముక్కు నాకెందుకయ్యా!" అని అరిచాడు పెద్దసారు. "రేపు మూత బిగించాలి. నువ్వు కాకపోతే మరెవరు? చెప్పు!"

తుడుపక్క చేతిని ఎవరూ అనుమానించలేదు. అంత గట్టి నమ్మకం మరి. ఆమె మెల్లగా బల్ల దగ్గరికి నడిచింది. ఇంకో గంటా రెండు గంటల్లో తనకి జరగబోయేది తప్ప ఆమె బుర్రలో వేరే ఏమీ లేదు. కళ్ళు మాత్రం అలవాటుగా పళ్ళేల మీద తిరిగాయి. చక్రాల చోట ఏమీ లేదు. బరమా చోట ఏమీ లేదు. కష్టపడి తుడిచిన ఆ వెనక బోల్టు దగ్గరిది కూడా అద్దంలా ఉంది. చుక్కలున్నవన్నీ ఒకే వరస. ముందు కమ్మీ మధ్య భాగం.

ఆమె ఆ వరస ముందు నిలబడింది. చెయ్యి చాపి బోల్టు పళ్ళెం అందుకోబోయింది. అందలేదు. కాస్త వాలింది. చుక్కల పళ్ళేలు సరిగ్గా ఆమె పొట్ట కిందికి వచ్చాయి.

ఇది తన చేతి గుణం కాదు, దానికి సరిగ్గా ఎదురు గుణం. సూటులోంచి, బట్టల్లోంచి, చర్మంలోంచి, తన లోపలున్నది ఆ ఇనుము మీద ప్రాణం చల్లింది. తన చెయ్యి తుడిచేసిన దాని మీద మళ్ళీ చల్లింది. నమ్మాలనిపించింది. నమ్మడానికి భయం వేసింది. నమ్మి, మధ్యాహ్నం అది అబద్ధమని తేలితే ఆ దెబ్బకి తను లేవలేదు.

అవతల తుమ్ములాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"సార్" అంది ఆమె. "అన్నయ్య వల్ల కాదు. నా వల్ల."

"ఊరుకోమ్మా, నీ చెయ్యి పడ్డ చోట..."

"చెయ్యి కాదు సార్. ఇక్కడ తుడిచేటప్పుడు నేను వాలాను. ఈ కమ్మీ మీదికి." ఆమె చేతులు రెండూ పక్కలకి ఎడంగా పెట్టి, తల వంచి తన పొట్ట వైపు చూసింది.

పళ్ళేలావిడకి వెంటనే అర్థమైంది. "ఎన్నో నెలే?" అంది దగ్గరికొచ్చి. పెద్దసారు ఏ గ్రహం సంగతైనా గంటలు గంటలు చెప్పగలడు గానీ, ఇలాంటివి బోధపడాలంటే ఆయనకి కాస్త వ్యవధి కావాలి. ఇద్దరు ఆడవాళ్ళ మొహాలూ మార్చి మార్చి చూశాక ఆయనకీ అర్థమైంది.

"మూడో నెల" అంది తుడుపక్క. "నిన్న డాక్టరమ్మ గుండె చప్పుడు లేదంది. ఇవాళ మధ్యాహ్నం తీసేస్తానంది. అక్కా, నువ్వు చెప్పు. ఇవి... లోపల బతికున్నట్టేనా?"

పళ్ళేలావిడ పళ్ళెం వైపు చూసింది.

"అబద్ధం చెప్పలేనమ్మా. పోయినవాటి మీద కూడా ఇలాంటివి పెరుగుతాయి."

ఆ మాట వినకపోయినా బాగుండేది. తుడుపక్కకి కళ్ళు తిరిగాయి. తుమ్ములాయన కుర్చీ తెచ్చి వేశాడు.

పెద్దసారు నెమ్మదిగా అన్నాడు. "ఇది నీ బిడ్డ పనే అయితే ఆ ఒక్క కమ్మీ మళ్ళీ తుడిస్తే చాలు, యంత్రం పోతుంది. కాకపోతే లోపం ఎక్కడుందో తెలీదు. మొత్తం విప్పాలి. విప్పితే అదను దాటిపోతుంది." కారు తాళాలు తీశాడు. "పదమ్మా. శుభ్రం గిభ్రం తర్వాత. ముందు ఇంకోసారి వినమందాం."

ఆయన సూటు కూడా విప్పలేదు. తలకి టోపీ అలాగే ఉంది.

"ఇంతకుముందు పంపినవి కూడా వెతికాయి" అన్నాడు ఆయన సిగ్నల్ దగ్గర కారు ఆపి. "తవ్విన ప్రతిచోటా ఏమీ లేదనే చెప్పాయి. ఎన్నిసార్లు విన్నా ఆ మాట అలవాటు కాదమ్మా. ఈసారి కూడా అదే వింటానేమోనని ఎంత భయపడుతున్నానో ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు."

"నిన్న నాకూ అదే చెప్పారు సార్" అంది ఆమె.

పచ్చ దీపం వెలిగింది. ఆయన కారు ముందుకి పోనిచ్చాడు.

ఆస్పత్రి వరండాలో అత్తగారు బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రొట్టెలాయన లేచి ఎదురొచ్చాడు. చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయినట్టున్నాడు, మోచేతుల దాకా పిండి ఎండిపోయి ఉంది. లోపల అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నర్సు ట్రేలో పెట్టినవి చూసి తుడుపక్క మొహం తిప్పుకుంది.

"ఇంకోసారి చూడండి డాక్టరమ్మా" అంది. "దండం పెడతాను. ఒక్కసారి."

"నిన్న చూశాం కదమ్మా. మళ్ళీ ఆశ పెట్టుకుని..."

"యంత్రం మీద చుక్కలొచ్చాయి మేడమ్" అన్నాడు పెద్దసారు తెర అవతల నుంచి. జరిగింది చెప్పాడు. డాక్టరమ్మ కూడా ఆ ఊరి మనిషే. తన పిల్లాడి మోకాలికి తుడుపక్క చేత చెయ్యి వేయించుకున్న మనిషే. ఇంకేమీ అడగకుండా ట్రేని పక్కకి నెట్టి, స్కానింగు మెషీను దగ్గరికి లాక్కుంది.

మళ్ళీ చల్లటి జెల్లీ. మళ్ళీ గరగర. తుడుపక్క చేతులు రెండూ తల మీదికి చాపితే రొట్టెలాయన వాటిని గట్టిగా పట్టుకున్నాడు. ఈసారి నొప్పెడుతుందని అనలేదు. పరికరం కుడివైపు జరిగింది. గరగర. కిందికి దిగింది. గరగరే. డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. అత్తగారు సంచిని గుండెలకి అదుముకుంది. తుడుపక్క కళ్ళు మూసుకుంది. అయిపోయింది, నా చేతులే చంపేశాయి అనుకుంది.

డాక్టరమ్మ పరికరాన్ని బాగా కిందికి, ఎముక దగ్గరికి నొక్కింది.

ఎక్కడో దూరంగా, ఎవరో కుట్టుమిషను తొందర తొందరగా తొక్కుతున్నట్టు వినిపించింది.

అంతలోనే చప్పుడు ఆగింది. తుడుపక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. "నా చెయ్యి జారిందమ్మా" అని డాక్టరమ్మ మళ్ళీ నొక్కింది. చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి గదంతా నిండింది.

"ఉంది" అంది డాక్టరమ్మ. "లెక్క తప్పాం. మనం అనుకున్నదానికంటే చిన్నది. ఎముక చాటున ఉండి నిన్న దొరకలేదంతే. ఇవాళ తీసేసి ఉంటే..." ఆవిడ నర్సుకి సైగ చేసింది. నర్సు ట్రే తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

రొట్టెలాయన పెళ్ళాం చేతుల మీద మొహం పెట్టుకుని ఏడ్చాడు. అత్తగారు, "నా కొంప నిలబెట్టావే" అంటూ సంచితోనే కళ్ళు తుడుచుకుంది. తుడుపక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భయం పోలేదు. ఇంకా ఇన్ని నెలలు ఈ చేతుల్ని దూరంగా పెట్టుకుని బతకాలి. అయినా లోపలున్నది కూడా సామాన్యమైంది కాదని ఇప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ మెషీను ఆపి, అలవాటుగా ఒక దూది ఉండ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"జెల్లీ తుడుచుకోమ్మా."

తుడుపక్క దాన్ని పట్టుకుని గాల్లోనే ఆగిపోయింది. దూది పొట్టకి జానెడు దూరంలో ఉంది. "వద్దే!" అని అత్తగారు కేక పెట్టింది. రొట్టెలాయన చటుక్కున ఆ దూది లాగేసుకున్నాడు. తన పిండి చేతులతో, చంటిదాని మొహం తుడిచినట్టు, మెల్లమెల్లగా పెళ్ళాం పొట్ట తుడిచాడు. ఎండిన పిండి రేణువులు కొన్ని రాలి అక్కడే అంటుకున్నాయి. ఎవరూ వాటిని దులపలేదు.

తెర అవతల పెద్దసారు జేబులో ఫోను మోగుతూనే ఉంది. మూత బిగించాలా, యంత్రం విప్పాలా అని అక్కడ అందరూ కాచుకుని ఉన్నారు. ఆయన దాన్ని తియ్యలేదు. తెర అంచు పట్టుకుని, మొహం అటు తిప్పుకునే అడిగాడు.

"మేడమ్, తప్పుగా అనుకోకపోతే... ఇంకొక్కసారి వినిపిస్తారా?"

డాక్టరమ్మ విసుక్కోకుండా జెల్లీ సీసా మళ్ళీ అందుకుంది.